కాలువ కట్టేసే లోపు

మునిసిపాలిటీ ఆటో మైకులో చెప్పేసింది,
పై నెల నుంచి కాలువ కట్టేస్తారు
నీళ్ళు పట్టుకోండహో అని.
వీధంతా డ్రమ్ములు తోముకుంటోంది.
నేను గచ్చు మీద పాత పేపర్లు పరిచి
మనీప్లాంటుని కుండలోంచి లాగుతున్నాను.

రాదే.
పాలు తాగిన పిల్ల వీపు నిమిరినట్టు
కుండ నడుము మీద మెల్లగా తట్టాలి.
తట్టగా తట్టగా త్రేన్చినట్టు ఊడింది.
మట్టేదీ? అంతా వేళ్ళే.
తమ చుట్టూ తామే తిరిగి తిరిగి
కుండ తీసేసినా
కుండలాగే నిలబడ్డాయి.

కత్తెర పట్టుకున్నాక చెయ్యి ఆడలేదు.
కడియంలో ఈ మొక్క నాకు అమ్మిన వీరవేణి
అప్పుడే చెప్పింది,
"కొయ్యకపోతే దానికి తెలీదండీ
బయట చోటుందని."
కోశాను.
పచ్చి వాసన ఒకటి లేచి
కిటికీలోంచి వస్తున్న వేపపూత వాసనతో
కాసేపు పోట్లాడింది.

ఒక పాలు ఒండ్రు, ఒక పాలు కొబ్బరిపొట్టు,
రైసుమిల్లు వెనక అడిగి తెచ్చుకున్న
గుప్పెడు ఊకబూడిద.
ఉగాది ఇంకా ఆరు రోజులుంది.
నా పచ్చడి మాత్రం ముందే కలుపుకున్నాను,
ఒక్క ఉప్పు తప్ప.

ఉప్పు చూడటమే నా ఉద్యోగం.
రొయ్యల చెరువుల నీళ్ళు సీసాల్లో వస్తాయి,
సీసా మెడకి రైతు పేరూ చెరువు నంబరూ.
గాజు పలక మీద చుక్క వేసి
కన్నంలోంచి వెలుతురుకేసి చూసి
పన్నెండు, పద్దెనిమిది, ఇరవై రెండు అని రాస్తాను.
భీమవరంలో మూడో అంతస్తు ఎక్కి ఇంటికొస్తే
కుండల అంచున తెల్లగా అదే లెక్క,
బోరు నీళ్ళు తమ చేత్తో తామే రాసుకున్నది.

స్నేక్ ప్లాంటు ఏమీ అనదు.
పీస్ లిల్లీ నాటకాలమనిషి,
ఒక్క పూట ఆలస్యమైతే మూర్ఛపోతుంది,
చెంబుడు నీళ్ళు పడగానే
ఏం జరగనట్టు లేచి కూచుంటుంది.
ఆ మూర్ఛ చూడలేకే రవికాంత్
రోజూ పోసేవాడు, రెండు పూటలా పోసేవాడు.
దీని అక్కని చంపింది అతనే, ప్రేమతోనే.
మట్టిలో రెండు కణుపుల దాకా వేలు పెట్టి చూడు
తడి తగిలితే ఊరుకో, అనేదాన్ని.
వేలు పెట్టడానికి ఓపిక కావాలి.
పోయడానికి అక్కర్లేదు.
ఇప్పుడు కాకినాడలో ఉన్నాడు,
మొక్కల్లేని గదిలో, కులాసాగానే ఉన్నాడట.

"తాడుందా?"
కింది వాటాలోంచి జైనబీ గారి గొంతు.
మొన్నటిదాకా ఆ గొంతుకి నాతో ఒకటే మాట,
ఆరేసిన దుప్పట్ల మీద మీ మట్టినీళ్ళు, అని.
తాడు వదిలాను. కట్టి పంపింది
సగం బకెట్టు తేట నీళ్ళు.
"మా ఏసీ రాత్రంతా ఉమ్మినవి. ఉప్పుండదు.
మీ దొరసానులకి పోసుకోండి."
లాగుతుంటే పావు వంతు కిందే ఒలికింది.
వంగి చూస్తే, దండెం ఖాళీగా ఉంది.
ముందే తీసేసుకుంది.

అలవాటు పోదు కదా,
ఒక చుక్క గాజు పలక మీద వేసి చూశాను.
సున్నా.
ఇన్నేళ్ళలో ఎవరి సీసాకీ రాయని అంకె,
చెప్పుకోవడానికి లాబులో ఎవరూ లేరు, ఆదివారం.
లిల్లీకే చెప్పాను.

కోసిన తీగ ముక్క, రెండు ఆకులు, ఒక కణుపు,
జామ్ సీసాలో నీళ్ళు పోసి నిలబెట్టి
ఖాళీ బకెట్టులో దించాను.
కాసేపటికి కింద నుంచి కేక,
"ఇదేం తింటుందమ్మా?"
"ఏమొద్దండీ.
అప్పుడప్పుడు మరిచిపోతూ ఉండండి."
"ఆఁ?"
ఆటో మళ్ళీ వచ్చింది వీధిలోకి.
మైకు పోయేదాకా ఆగుదామని
రెండో కుండ ఒళ్ళో పెట్టుకుని
నడుము తట్టడం మొదలెట్టాను.